అమెరికా ఎంత దూరం?

(మన సంఘ వార్షిక సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



మాది శ్రీకూర్మం. కూర్మనాథుని ఊరివాళ్ళం గనుక మాకు వేగంతో పెద్దగా పరిచయం లేదు. అయినా విమానాల గురించి మాట్లాడమన్నారు. ముప్పై ఏళ్ళు బడిలో భూగోళం పాఠం చెప్పినవాణ్ణి, కాదనలేకపోయాను.

గ్లోబు మీద ఢిల్లీకీ శాన్‌ఫ్రాన్సిస్కోకీ మధ్య దారం బిగించి పడితే అది సైబీరియా దాటి ఉత్తర ధ్రువం వైపుగా పోతుంది. అదే దగ్గర దారి, సుమారు 12,400 కిలోమీటర్లు. గోడ పటంలో చూస్తే ఇది తెలియదు. విమానం మాత్రం మొదట్లో దారం వెంట పోలేదు. 2015 డిసెంబరులో ఎయిర్ ఇండియా నేరుగా విమానం మొదలుపెట్టినప్పుడు అట్లాంటిక్ మీదుగా పోయేది. 2016 అక్టోబరులో దాన్ని పసిఫిక్ వైపు తిప్పారు. దూరం సుమారు 13,900 కిలోమీటర్ల నుంచి 15,300కు పెరిగింది. కాలం మాత్రం తగ్గింది! పద్నాలుగున్నర గంటల్లో చేరింది. పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు జోరుగా వీచే గాలి వెనక నుంచి తోసింది. పాత దారిలో అదే ఎదురుగాలి. మన స్వామి పడమటి ముఖంగా ఉంటాడు. ఆ విమానం పడమటి దేశానికి తూర్పు ముఖంగా వెళ్ళింది.

ఈ లెక్క నాకు తెలుసు. తెలియని లెక్క 2018 ఫిబ్రవరిలో తెలిసింది.

ఒక బుధవారం ఉదయం ఎనిమిదింటికి మా ఇంటావిడ పోయింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్న అబ్బాయికి ఫోను చేశాం. అక్కడ ఇంకా మంగళవారం సాయంత్రం ఆరున్నర. ఆపాలా అని ఊరి పెద్దలు అడిగారు. "పదహారు గంటల ప్రయాణమే కదా, రేపు పొద్దున్నకల్లా గుమ్మంలో ఉంటాడు" అన్నాను. పాఠం చెప్పే గొంతుతోనే అన్నాను.

టికెట్టు దొరికి విమానం కదిలేసరికే పదహారు గంటలయింది. గాలిలో ఇంకో పదహారు. ఢిల్లీలో విశాఖ విమానం కోసం నాలుగు గంటలు కూర్చున్నాడు. అది రెండుంబావు. విశాఖ నుంచి ఇంటికి కారులో మూడు. నలభై ఒక్క గంటలు దాటింది.

గురువారం సాయంత్రం దాకా చూశాం. ఐసు కరిగిపోతోంది. పొద్దుగూకుతుండగా మా తమ్ముడి కొడుకు తలకొరివి పెట్టాడు. అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నరకు అబ్బాయి దిగాడు. చెప్పులు విడిచి నేరుగా లోపలి గదిలోకి వెళ్ళాడు. నన్నేమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

నలభై గంటలని ముందే చెప్పి ఉంటే, శ్రీకాకుళం నుంచి ఫ్రీజర్ పెట్టె తెప్పించి ఉండేవాళ్ళం. విమానం ఎన్ని గంటలని పిల్లల్ని అడగకండి. ఫోను ఎత్తిన దగ్గర్నుంచి ఇంటి గుమ్మం దాకా ఎంతో అడగండి.

నా సంగతి అబ్బాయితో మాట్లాడి రాసి పెట్టాను. రెండు రోజులు ఆపాలి, పెట్టె తెప్పించాలి, ఆలోగా రాలేకపోతే తమ్ముడి కొడుకే కానివ్వాలి. ఆ కాగితం హాల్లో క్యాలెండరు వెనక ఉంది.