విద్యా భాండాగారము – తాళపుచెవి

(తిరుపతిలోని యొక పఠనమందిరమున గావించిన ప్రసంగపాఠము)



మన సభలలో విజ్ఞానచరిత్రను గూర్చి మాటలాడవలసి వచ్చినపుడు వక్తలు సామాన్యముగా రెండు త్రోవలలో నొకదానిని పట్టుదురు. పాశ్చాత్యులు కనిపెట్టినదంతయు మన ఋషులు పూర్వమే యెఱిగియుండిరని చెప్పి కొందఱు కరతాళధ్వనులు పొందుదురు. ఇంగ్లీషువాడు వచ్చి దీపము వెలిగించువఱకు ఈ దేశము చీకటిలో నుండెనని చెప్పి మఱికొందఱు పండితులనిపించుకొందురు. ఈ రెండు మాటలును వినుటకు సుకరములే. విచారణకు మాత్రము నిలువవు. మేము న్యాయవాదవృత్తిలో నున్నవారము. కక్షిదారు తన హక్కును గూర్చి యెంత బిగ్గరగా పలికినను న్యాయస్థానము అడుగునవి రెండే ప్రశ్నలు: పత్రమేది? అనుభవమెవరిది? విజ్ఞానమును గూర్చియు ఈ రెండు ప్రశ్నలనే వేయుదము. మన సీమలో విద్య యుండెనా? ఉన్నచో దాని యనుభవము ఎవరికి దక్కెను?

మొదటి ప్రశ్నకు ప్రత్యుత్తరము మన కండ్లయెదుట కొండమీదనే యున్నది. తిరుమల తిరుపతి ఆలయముల గోడలపై వేయికి మించిన శాసనములు గలవు. అందధికభాగము తమిళభాషలో నున్నవి. దేవస్థానమువారి పక్షమున సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు వానిని పరిశీలించి 1930లో నివేదిక ప్రకటించిరి. పిమ్మట శాసనములు సంపుటములుగా వెలువడినవి. విజయనగర ప్రభువుల కాలమున, ముఖ్యముగా పదునైదు పదునాఱు శతాబ్దములలో, దాతలు స్వామి నైవేద్యమునకై యిచ్చిన ధనము పెట్టెలలో నిద్రింపలేదని ఆ శాసనములు తెలుపుచున్నవి. ఆ ధనముతో ఆలయగ్రామములలో చెఱువులు త్రవ్వించిరి, కాలువలు తీయించిరి. నీరు పాఱినందువలన పెరిగిన పంటతో నైవేద్యము జరుగవలెనని నిర్ణయించుకొనిరి. బర్టన్ స్టైన్ అను అమెరికా చరిత్రకారుడు 1960లో ఈ శాసనముల నాధారముగా గొని, మధ్యయుగమున ఒక దేవాలయము వ్యవసాయాభివృద్ధికి మూలధనము సమకూర్చిన విధమును లోకమునకు వివరించెను.

ఒక్క క్షణ మాలోచింపుడు. చెఱువు కట్టుటకు భక్తి యొక్కటియే చాలదు. వాననీరు ఏ వాలున పాఱివచ్చునో, కట్ట యెంత వెడల్పుండవలెనో, తూము ఎంత లోతున నిలుపవలెనో, మొరవ యెంత యెత్తున నున్నచో వఱద కట్టను తెంపక మీదినుండి సాగిపోవునో తెలియవలెను. ఇది కొలతయు, లెక్కయు, తరతరముల పరిశీలనయు గలిసిన విద్య. దీనిని శాస్త్రమనుటకు సంకోచమేల? అయినను చూడుడు: శాసనమున దాత పేరున్నది, ప్రసాదములో ఎవరికెంత వంతో యున్నది, తూము నిలిపినవాని నేర్పు మాత్రము సామాన్యముగా రాతికెక్కలేదు. వాని విద్య వాని చేతిలో నుండెను. ఆ చేతితోనే పోయెను.

లెక్క తెలుగున పలుకదని యనువారు పావులూరి మల్లనను స్మరింపవలెను. తొమ్మిదవ శతాబ్దమున రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. నన్నయ కాలమునకు చేరువవాడైన మల్లన దానిని తెలుగు పద్యములలోనికి దెచ్చెను. ఆ సంస్కృతమూలము రంగాచార్యులవారి యింగ్లీషు అనువాదముతో మదరాసులో అచ్చుపడినది 1912లో. ఇంగ్లీషు చదువరికి అందుటకు శతాబ్దములకు ముందే ఆ గణితము తెలుగు చదువరి కందినదన్నమాట. కావున పత్రము లేదని యెవ్వరును మనలను త్రోసిపుచ్చజాలరు.

ఇక రెండవ ప్రశ్న. పత్రము పెట్టెలో నున్నంతమాత్రమున పొలము పండదు. ఇందులకు తిరుమలయందే యొక నిదర్శనము గలదు. తాళ్లపాక అన్నమాచార్యులు 1503లో పరమపదించిరి. వారి సంకీర్తనములను, వారి వంశీయుల రచనలను రాగిరేకులపై చెక్కించి ఆలయములోని యొక చిన్న ఱాతిగదిలో భద్రపఱచిరి. రేకులు రెండువేలకు మించినవి. తాటియాకు చెదలకు లోబడును, రాగి లోబడదు. వంద సంవత్సరములు కాదు, వేయి సంవత్సరములు నిలువవలెనని తలచిన వారి దూరదృష్టికి నమస్కరింతము. కాని ఆ గది మూసియుండెను. పాడువారు తగ్గిరి, చదువువారు లేకపోయిరి.

1816లో ఏ. డి. క్యాంప్‌బెల్ అను కుంపిణీ యుద్యోగి మదరాసులో తెలుగు వ్యాకరణమును ఇంగ్లీషున ప్రకటించెను. తిరుపతి కొండమీద రాగిరేకులున్నవని విని, తాను ఒక దేశీయుని బంపి పరీక్షింపజేసితినని ఆ గ్రంథపు పీఠికలో వ్రాసికొనెను. వ్యాకరణగ్రంథ మొకటి దొరకగా దానికి నకలు తీయించెను. తక్కినవన్నియు దేవుని స్తోత్రములే యని వదలిపెట్టెను. అతడు వెదకినది వ్యాకరణము. కావున సంకీర్తనముల విలువ అతనికి గనబడలేదు. అంతకంటె చింతింపవలసిన విషయమేమన, ఆ రేకుల విలువ మనవారికిని మఱియొక నూఱేండ్లవఱకు గనబడలేదు. ఇరువదవ శతాబ్దమున సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ప్రభృతుల పరిశ్రమచే అవి చదువబడి, అచ్చుపడి, స్వరములు గట్టబడినవి. నేడు ఏ పల్లెలోని బాలికయైనను అన్నమయ్య పదమును పాడుచున్నది. రాగి మాఱలేదు, అక్షరము మాఱలేదు, తలుపు తీయబడినది, అంతే.

క్యాంప్‌బెల్ గ్రంథమునందే మఱియొక ముఖ్యవిషయము గలదు. ఫ్రాన్సిస్ ఎల్లిస్ అను విద్వాంసుడు దానికి వ్రాసిన పీఠికలో, తెలుగు సంస్కృతమునుండి పుట్టినది కాదనియు, తమిళ కన్నడములతో గూడి వేఱొక భాషాకుటుంబమునకు జెందినదనియు ధాతువులను బోల్చి నిరూపించెను. భాషాశాస్త్రమున ఇది గొప్ప సిద్ధాంతము. దానికి వలసిన సామగ్రిని సమకూర్చినవారిలో మదరాసు కళాశాలయందలి పట్టాభిరామశాస్త్రి వంటి మన పండితు లుండిరి. ఈ సిద్ధాంతము వారి విద్యయు అతని విచారణపద్ధతియు గలిసినందున పుట్టినది. పండితుని జ్ఞానమునకు ప్రశ్నించు పద్ధతి తోడైన చోట నూతనశాస్త్ర ముదయించినది. దీనిని మఱువరాదు.

ఆ క్యాంప్‌బెలే 1823లో బళ్లారి కలెక్టరుగా నుండి తన జిల్లాలోని పాఠశాలలను గూర్చి నివేదిక పంపెను. మన దత్తమండలములలో నాటి విద్యాస్థితికి అది యొక సాక్ష్యము. అందు 533 పాఠశాలలు, 6,641 మంది విద్యార్థులు లెక్కకు వచ్చిరి. పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుట, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పుట అతనికి మెచ్చదగినవిగా దోచినవి. పూర్వము పాఠశాలలున్న యనేక గ్రామములలో ఇపుడు లేవనియు, దేశము క్రమముగా దరిద్రమగుటయే అందులకు కారణమనియు, ఇంగ్లండు వస్త్రములు వచ్చి ఇచ్చటి పనివారి జీవనము చెడినదనియు ఆ కుంపిణీ యుద్యోగియే యొప్పుకొనెను. వాది కాదు, ప్రతివాదియే యిచ్చిన వాఙ్మూలమిది. ఇంతకు మించిన సాక్ష్య మేమి కావలెను?

అయితే మనకు ప్రియమైన పుటను మాత్రము చదివి తక్కినదానిని మడిచివేయుట నిజాయితీ కాదు. ఆ నివేదికలోనే వేఱొక సంఖ్య యున్నది. 6,641 మందిలో ఆడపిల్లలు 60 మంది. పద్యములను వల్లించు బాలురకు వాని యర్థము తెలియదని అతడు వ్రాసిన మాటయు నందే యున్నది. ఇదే కాలమున మన తరిగొండ వెంగమాంబ తిరుమలలో వాసము చేయుచు తెలుగున వేదాంతగ్రంథములు రచించి 1817లో సిద్ధిపొందినది. ఒక్క వెంగమాంబ వెలువడుటకు ఎంత యెదురీదవలసి వచ్చెనో యూహింపుడు! అవకాశము లేక మూగవోయిన వెంగమాంబ లెందఱో లెక్కించువా రెవరు? పరప్రభుత్వము మన విద్యను నీరసింపజేసినది నిజము. ఆ ప్రభుత్వము రాకపూర్వమే మనము మన యాడువారికిని, మన పొలములలో చెమటోడ్చువారికిని తలుపు మూసియుంచితిమి. అదియును నిజమే. మొదటి తాళమును 1947లో తీసితిమి. రెండవది మన చేతులలోనే యున్నది.

తలుపు తెఱచిన మహనీయులును మనలో లేకపోలేదు. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి చరిత్రను, శాస్త్రములను తెలుగున అచ్చొత్తించిరి. ఆంధ్రవిజ్ఞాన సర్వస్వమునకు పూనుకొని, ‘అ’ అను అక్షరమైనను దాటకమునుపే 1923లో దివంగతులైరి. మన చిత్తూరు కట్టమంచివారైన రామలింగారెడ్డిగారు అర్థశాస్త్రమును తెలుగున వ్రాసిరి. 1926లో ఆంధ్రవిశ్వవిద్యాలయమునకు మొదటి ఉపాధ్యక్షులైరి. సత్యాగ్రహకాలమున ప్రభుత్వ దమననీతికి నిరసనగా ఆ పదవిని వదలుకొనిరి. 1936లో మరల చేపట్టిరి. అధికార మున్నపుడు విద్యను పెంచుట యొకటి, విద్య గౌరవమునకై అధికారమును వదలుట మఱియొకటి. రెండును చేసినవారు వారు.

మదనపల్లె చెంత ఆరోగ్యవరములో 1915లో క్షయరోగ చికిత్సాలయము వెలసినది. నాడు క్షయకు మందులేదు. మంచిగాలి, విశ్రాంతి, పుష్టికరమైన యాహారము, ఇవే చికిత్స. రోగి నెలల తరబడి ఆ యావరణములో నుండవలెను. ఎందఱి కది సాధ్యము? 1948లో మనదేశమున బి.సి.జి. టీకా మొదట వేయబడిన తావులలో మదనపల్లె యొకటి. పిదప మందులు వచ్చినవి. 1956లో మదరాసులో ఆరంభమైన పరిశోధనకేంద్రమువారు పేదయిండ్లలోని రోగులకు ఇంటియొద్దనే మందులిచ్చి, ఆసుపత్రిలో నుంచి యిచ్చినవారితో బోల్చి, ఫలితము సమానమే యని 1959లో ప్రకటించిరి. ప్రపంచమంతటను క్షయచికిత్స పద్ధతి మాఱినది. విజ్ఞానము గోడ దాటి గుడిసెలోనికి వచ్చినపుడు దాని బలము తగ్గలేదు, వేయింతలైనది.

ఇపుడు మన యిరుగుపొరుగున జూడుడు. 1939లో ప్రాచ్యపరిశోధనాలయము, 1954లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయము, 1983లో పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయము, 2015లో ఐ.ఐ.టి., ఐసర్ అను సంస్థలు ఈ సీమకు వచ్చినవి. తిరుపతినుండి చిత్తూరునకు బోవు త్రోవలో గాదంకి యొద్ద 1,024 ఆంటెనాలతో గూడిన రాడారు 1990 దశకమునుండి ఆకాశమును బరీక్షించుచున్నది. అది 53 మెగాహెర్ట్స్ తరంగములను పైకి బంపి, గాలిపొరలలోని స్వల్పమైన మార్పులనుండి తిరిగివచ్చు సన్నని ప్రతిధ్వనిని పట్టి, ఎంత యెత్తున గాలి యెటు వీచుచున్నదో కనుగొనును. చంద్రగిరి కోటనుండి మేఘములకై యెదురుచూచినవారి సీమలో, నేడు మేఘముల మార్గమునే కొలుచు సాధనము నిలిచినది. ఎంత గర్వింపదగినది!

కాని ఆ గాదంకికి కూతవేటు దూరమున పొలము దున్నువానికి ఈ విద్యలో వంతెంత? మాయొద్దకు వచ్చు వ్యాజ్యములలో బోరుబావుల తగవులు తక్కువ కావు. ఒకని బోరు ఎండును. పొరుగువాడు ఇంకను లోతుగా వేసినందుననే యనును. ఇరువురును అప్పులపాలైనవారే. ఎచ్చట త్రవ్వవలెనో వారికి చెప్పినది అఱచేతిలోని కొబ్బరికాయ! 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు చట్టము చేసికొంటిమి. చట్టము పుస్తకమున నున్నది. శాస్త్రము ప్రయోగశాలలో నున్నది. చెఱువు పూడిక క్రింద నున్నది. మధ్యనున్న మనుష్యుడు కొబ్బరికాయను నమ్ముచున్నాడు. అతనిని అజ్ఞాని యని పరిహసింతమా? అతనికి అర్థమగు భాషలో ఎవ్వరును చెప్పకపోవుట అతని దోషము కాదు. రాగిరేకుల గది యెట్లు మూతపడియుండెనో, నేటి గదులును అట్లే మూతపడియున్నవి. తాళము మాత్రము క్రొత్తది.

తెలుగున మాటలు లేవందురు. తూము, మొరవ, పూడిక, ఊట, పొర అను మాటలు ఏ కోశమునుండి వచ్చినవి? పని చేసినవాని నోటినుండి వచ్చినవి. లేని మాటను తెచ్చుకొందము. రాడారు, బోరు అనునవి మన మాటలైపోలేదా? మాటకు కొదువ లేదు. చెప్పవలెనను సంకల్పమునకే కొదువ.

కావున ఈ పఠనమందిరము చేయదగిన పనులు కొన్ని విన్నవించెదము. మాసమున కొక్కసారి మన విద్యాసంస్థలలోని అధ్యాపకు నొకరిని బిలిచి తాము చేయు పరిశోధనను తెలుగున చెప్పుమని ప్రార్థింతము. వినువారు కూలివారైనను, విద్యార్థినులైనను, ప్రశ్నించుటకు సమానమైన హక్కు వారికి గలదని ముందే ప్రకటింతము. మనలో పల్లెలతో సంబంధము గలవారు తమ యూరి చెఱువు కట్ట, తూములు, మొరవ, వాగునుండి నీరు వచ్చు కాలువ, ఆయకట్టు, వీనిని వృద్ధులను అడిగి వ్రాసికొని తెచ్చి యిచ్చట భద్రపఱతురు గాక. మన కార్యకర్తలము ఆ వ్రాతలను తిరిగి యూరూరికి గొనిపోయి, భూగర్భజలము నెఱిగినవారిచే చదివించి వినిపింతము. అపుడు శాసనమున కెక్కని చేతిపనియు, గాదంకిలోని కొలతయు ఒకే గట్టుమీద కలిసికొనును.

ధనము లేదను సాకు వలదు. దీనికి కావలసినవి ఒక గది, ఒక దీపము, వారమున కొక సాయంకాలము. మొదటి పత్రముగా మా స్వగ్రామపు చెఱువు వివరములను వచ్చే మాసమున మేమే తెచ్చి యిచ్చెదము. రెండవది తెచ్చువా రెవరో ఈ సభలోనే నిర్ణయింపబడవలెనని కోరుచు విరమించుచున్నాము.