పాత దివాన్ కొనేముందు తిరగేసి చూడండి

 

ఈసారి మాట పాత దివాన్ గురించి. ఊర్లో కొత్త ఇల్లు కట్టుకున్నాక హాల్లో పాతకాలం దివానో, పట్టెమంచమో వేసుకోవాలని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. పగలు నలుగురు కూర్చోవచ్చు, మధ్యాహ్నం నాయిన ఒరగొచ్చు, చుట్టం వస్తే రాత్రికి పక్క వేయొచ్చు. ఒక్క వస్తువు మూడు పనులు చేస్తది. కోరిక మంచిదే.

చిక్కెక్కడంటే, మనం కొనేది ఇక్కడి నుంచి, ఫోన్‌లో చూసి. అమ్మేవాడు ముందు నుంచి ఒక ఫొటో పెడతాడు. "గడీలో మంచం అన్నా, నూరేండ్లది, బర్మా టేకు" అని ఒక కథ చెప్తాడు. మనం ఆ కథకి పైసలు పంపుతాం. నేను చెప్పేది ఒకటే. వయసుకి కాదు, కర్రకీ జాయింట్‌కీ పైసలు ఇవ్వండి. వయసు అమ్మేవాడి నోట్లో ఉంటది. కర్ర, జాయింట్ మంచం కింద ఉంటాయి.

మా క్యాంపులో నిజామాబాద్ దిక్కు తమ్ముడొకడు ఇట్లాగే ఒక దివాన్‌కి 40,000 రూపాయలు అడ్వాన్స్ పంపబోయాడు. పంపే ముందు వాళ్ల బామ్మర్దిని దుకాణానికి పంపి, వీడియో కాల్‌లో మంచాన్ని తిరగేయించాం. పైన నగిషీ పలక నిజంగా పాతదే, ఎవరింటి తలుపుదో. కింద ఫ్రేమ్ మాత్రం కొత్త మామిడి కర్ర, మీద నల్ల పాలిష్. వెనక పలక ప్లైవుడ్. పాత తలుపు ముక్కతో కొత్త మంచం చేసుకోవడంలో తప్పేం లేదు. దాన్ని నూరేండ్లదని చెప్పి ఆ ధర అడగడమే తప్పు.

కాబట్టి ఇంటి మనిషిని ఒకరిని పగటి వెలుగులో పంపండి. చేతిలో టేపు, టార్చి ఉండాలి. ఏం చూడాలో చెప్తా.

మొదట జాయింట్. పాత పనిలో కోడుకి బెజ్జం కొట్టి, పట్టె చివర సన్నగా చెక్కి అందులో దూర్చి, చెక్క మేకు కొట్టేవాళ్లు. ఇనుప బ్రాకెట్లు, ప్లస్ గుర్తు తల స్క్రూలు కనపడితే ఆగండి. ఆ స్క్రూలు అమెరికాలో బజారుకి వచ్చిందే 1930లలో. ఒకటి రెండుంటే తర్వాత చేసిన రిపేరు అనుకోవచ్చు. అన్ని మూలలూ వాటి మీదే నిలబడితే అది నూరేండ్ల మంచం కాదు.

రెండోది కర్ర. పాలిష్ అన్ని కర్రలనీ ఒక్కలాగే చూపిస్తది. పట్టె లోపలి వైపు, ఎవరికీ కనపడని చోట, అమ్మేవాణ్ని అడిగి కాస్త గీకించండి. టేకు చేవ బంగారు గోధుమ రంగులో ఉంటది, కొంచెం నూనె వాసన వస్తది. గీకితే లోపల తెల్లగా ఉంటే అది చేవ కాదు, లేదా టేకే కాదు. బరువుంటే టేకు అనే మాట నమ్మకండి. నల్లమద్ది, జిట్రేగి టేకు కంటే బరువు. అవీ మంచి కర్రలే. పేరు నిజం చెప్పి అమ్మితే చాలు.

మూడోది పుచ్చు. చిన్న చిన్న రంధ్రాలు ఉన్నంత మాత్రాన భయం లేదు, పాత పురుగు ఎప్పుడో పోయుండొచ్చు. మంచం కింద న్యూస్ పేపర్ పరిచి వారం తర్వాత చూడమనండి. మెత్తటి పిండి రాలిందంటే పురుగు ఇంకా తింటోంది. మందు కొట్టించకుండా ఇంట్లోకి తెస్తే, మనం కష్టపడి పెట్టించుకున్న కొత్త తలుపులకీ పాకొచ్చు.

నాలుగోది మనకి తెలిసిన పనే. ఫౌండేషన్ మార్కింగ్‌లో మూల నుంచి మూలకి క్రాస్ కొలుస్తాం కదా, మంచానికీ అంతే. రెండు కొలతలూ సమానంగా రావాలి. అర అంగుళం పైన తేడా ఉంటే ఫ్రేమ్ ఒరిగింది. తర్వాత మూలల దగ్గర పట్టుకుని ఊపమనండి. ఊగితే తిరిగి బిగించడానికి వడ్రంగికి ఎంతవుతదో కనుక్కుని, అది ధరలో తగ్గించమని అడగండి.

ఐదోది సైజు. బజార్లో సులువుగా దొరికే పరుపు 72 అంగుళాల పొడవు, 36 వెడల్పు. పాత మంచాలు ఏ లెక్కకీ రావు. బయట కాదు, పట్టెల లోపల కొలవండి. పరుపు వేశాక ఎత్తు 17, 18 అంగుళాలు ఉంటే పెద్దవాళ్లు లేచి కూర్చోవడానికి తేలిక. పాదాలు నేలకి ఆనాలి. 36 అంగుళాల వెడల్పులో కూర్చుంటే వీపు గోడకి అందదు, అందుకే వెనక రెండు బాలీసులు లెక్కలో వేసుకోండి. మీ ఇంటి తలుపు వెడల్పు కూడా కొలవండి. విప్పడానికి రాని దివాన్ గడప దగ్గరే ఆగిపోతది.

రంగు వేసిన మంచమైతే ఇంకో జాగ్రత్త. ఇండ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదనే నియమం మన దేశంలో 2017 నవంబర్ నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు రంగుల్లో ఎక్కువ ఉండే అవకాశం ఉంది. దాన్ని పొడిగా గరుకు కాగితంతో రుద్దిస్తే ఆ దుమ్ము పసిపిల్లల మెదడుకి చేటు. తడిపి, ఆరుబయట, మాస్క్ పెట్టుకుని తీయించాలి. పిల్లలు ఆ దరిదాపుల్లో ఉండొద్దు.

ఇక పైసల సంగతి. మంచం ధర ఒక్కటే కాదు. ట్రాలీ కిరాయి, వడ్రంగి కూలి, నవారు లేదా పరుపు, అన్నీ కలిపి రాసుకోండి. కర్ర పేరు, సైజు, ధర వాట్సాప్‌లో రాసి పంపమనండి. అడ్వాన్స్ తక్కువ ఇవ్వండి, మిగతాది మంచం ఇంట్లో దిగాకే. రాసివ్వడానికి వెనకాడేవాడు నోటితో ఎంత చెప్పినా లాభం లేదు.

ఆఖరి మాట. బజారుకి పోకముందు ఇంటికి ఫోన్ చేసి అమ్మనో, చిన్నమ్మనో అడగండి. కొట్టంలోనో, అటక మీదో తాత మంచం కోళ్లు, పట్టెలు విప్పి పెట్టి ఉండొచ్చు. కొన్ని దిక్కుల గడంచె అని పిలుస్తారు చూడండి, అదే. చేవ కర్రైతే వడ్రంగితో బిగించి, కొత్త నవారు అల్లిస్తే హాల్లో దర్జాగా నిలబడతది. దాని కథ ఎవరూ మనకి అమ్మక్కర్లేదు, మన ఇంట్లోనే ఉంది.

మీ ఇంట్లో అట్లాంటిది దొరికితే ముందు కింద నుంచి ఒక ఫొటో తీసి పంపండి. జాయింట్ చూసి, బాగు చేయించొచ్చో లేదో వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఎండలు ముదురుతున్నాయి, నీళ్లు తాగుతూ పని చేయండి. ఉంటా మరి.