కాలువ నీటి నష్టము – రైతుల పూనిక
(రైతుల సభలో చదివిన యుపన్యాసము)



చెరువు నిండినను చివరి మడికి నీరందని గ్రామములు పెక్కు గలవు. సరిగా మూతపడని తూము, ఎండ్రకాయల బొరియలు, కాలువలో పెరిగిన తుంగ, రాత్రివేళ కొట్టిన గండి, నీరు పోవు త్రోవలివి. సెకండునకు 1 లీటరు చొప్పున కారు చిన్న బొరియ యొక దినమున 86,400 లీటర్లు పోగొట్టును. ఎకరము మడిలో నిది ఇంచుమించు 2 సెంటీమీటర్ల యెత్తున నిలుచును. వరి పొట్టమీద నుండగా చివరి ఆయకట్టున కీ తడి తప్పినచో గింజ తాలగును. పెట్టిన విత్తనము, ఎరువు, కూలి యన్నియు వ్యర్థము.

ఈ సంగతి రైతులెరుగనిది కాదు. ఎరిగియు బొరియ పూడ్చకుండుట సోమరితనమని కొందరధికారులు తలచుట కలదు, అది సరికాదు. తూము దగ్గరి రైతునకు కారిపోవు నీటివలన లోటు లేదు. చివరి రైతు కాలువ నెంత బాగుచేసినను, మిగిలిన నీటిని పైవాడే మరల్చుకొనునను శంక వీడదు. ఆదాచేసిన నీరు తన మడికి వచ్చునను నమ్మకము లేనివాడు పార పట్టడు.

పూర్వులీ మర్మము నెరిగియుండిరి. చెరువు కట్టించినవారికిని మరమ్మతు చేయువారికిని దశబంధ మాన్యమిచ్చుచుండిరి. మాన్యము చెరువు క్రిందనే యున్నచో చెరువెండిన నాడు మాన్యమును ఎండును. నీరటికి ఆయకట్టుదారులందరును కళ్ళమువద్ద ధాన్యము కొలుచుచుండిరి. కావున నతడు ఏ ఒక్కరి మనిషియు కాకుండెను. కాకతీయుల నాటి పాకాల, రామప్ప చెరువులు నేటికిని పొలములకు నీరిచ్చుటకు కట్ట బలమొక్కటియే కారణము కాదు.

1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున చట్టము చేసి నీటి వినియోగదారుల సంఘములను ఏర్పరచిరి. సంఘము కాగితముమీద నున్నంతమాత్రమున గండి పూడదు. 2015లో తెలంగాణమున మిషన్ కాకతీయ క్రింద చెరువుల పూడిక తీయించినప్పుడు త్రవ్వు ఖర్చు ప్రభుత్వము భరించెను. మట్టి తోలుకొను ఖర్చు రైతులే పెట్టుకొనిరి. ఒండ్రు తమ చేనికే సారమగుట కన్నులకు కనబడుచుండెను గదా!

కావున తూమెత్తుటకు ముందే ఆయకట్టుదారులు కూడి, ఎకరముల దామాషా ప్రకారము కాలువను పంచుకొని శుభ్రపరచవలెను. ఎన్ని దినములకు నీరున్నదో గ్రామమున చాటింపు వేయింపవలెను. తొలి వంతు చివరి మడులకిచ్చి చూడుడు. నీరు రాక ఆలస్యమైనచో వారే కాలువ వెంబడి పైకి నడచి, బొరియ యెక్కడనున్నదో కనుగొందురు. తన వంతును తప్పదని తెలిసినచో పైవానికి రాత్రి గండి కొట్టు పని యుండదు. బొరియను బంకమట్టితో గడ్డి కలిపి, పొరపొరగా త్రొక్కి పూడ్పవలెను. ఒట్టి ఇసుకమట్టి మరునాడే కొట్టుకొనిపోవును.