పేరు లేని సిపాయిని వెతకడం
(నాందేడ్‌లో తెలుగు యువత ముందు చేసిన ప్రసంగం)



"మా తాత తమ్ముడు మిలిటరీకి పోయిండు, మళ్లీ రాలేదు." ఈ మాట చాలా ఇళ్లలో ఉంటుంది. ఏ పటాలం, ఏ దేశం, ఏ సంవత్సరం అని అడిగితే మాత్రం జవాబుండదు. అక్కడి నుంచి ముందుకు ఎలా వెళ్లాలో మేము ఈరోజు చెప్పదలిచాం.

1948 దాకా నాందేడ్ నిజాం రాజ్యంలోది. అందుకే ఇక్కడి పెద్దలు "హైదరాబాద్ ఫౌజు" అన్నప్పుడు జాగ్రత్తగా వినాలి. నిజాం సొంత సైన్యం ఒకటి. అందులోని హైదరాబాద్ లాన్సర్స్ మొదటి ప్రపంచ యుద్ధంలో సూయజ్ కాలువకు, పాలస్తీనాకు వెళ్లారు. ఢిల్లీ తీన్‌మూర్తి విగ్రహాల్లో ఒకటి వాళ్లదే. నిజాం పదాతిదళం ఒకటి 1941 డిసెంబరులో మలయాలోని కోట భారు విమానాశ్రయానికి కాపలాగా ఉంది. ఇదికాక బ్రిటిష్ ఇండియా సైన్యంలో 19వ హైదరాబాద్ రెజిమెంట్ ఉండేది. పేరుకే హైదరాబాద్, జవాన్లలో ఎక్కువమంది ఉత్తరాదివాళ్లు. 1945లో దాని పేరు కుమావూన్ రెజిమెంట్ అయింది. దాని కేంద్రం రాణిఖేత్‌లో ఉంది. పటాలం ఏదో తేల్చుకోకుండా ఉత్తరాలు రాస్తే ఏళ్లు గడిచిపోతాయి.

పాత ట్రంకు పెట్టెలో పతకం దొరికితే దాని అంచు చూడండి. మొదటి యుద్ధపు పతకం అంచు మీద నంబరు, పేరు, పటాలం చెక్కి ఉంటాయి. సిపాయిలకు ఇచ్చింది వెండిది. కూలిదళాల వాళ్లకు అదే పతకం కంచులో ఇచ్చారు. చచ్చేదాకా చాకిరి చేసినవాడికి లోహంలో కూడా తేడా చూపించారన్నమాట.

మన కుటుంబాల్లో ఇంకో చిక్కుంది. సైన్యంలో రాసిన పేరు బాప్తిస్మానికి ముందటిది కావచ్చు. సంఘం బాప్తిస్మ రిజిస్టరులో రెండు పేర్లూ దొరికితే సగం పని అయినట్టే.

ఆ తర్వాత కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో ఉచితంగా వెతకవచ్చు. 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు సర్వీసులో చనిపోయినవాళ్లు అందులోకి వస్తారు. గుండు తగిలే చనిపోవాలని లేదు, జ్వరంతో పోయినా లెక్కే. ఊరి పేరు "నాందేర్" అని కూడా కొట్టి చూడండి, పాత రాతల్లో అలాగే ఉండేది.

1917లో పుట్టిన ఈ కమిషన్, హోదా, జాతి, మతం చూడకుండా అందరినీ సమానంగా స్మరిస్తామంది. ఇరాక్‌లోని బస్రా స్మారకం దగ్గర ఏం జరిగింది? అధికారుల పేర్లు చెక్కారు. మామూలు భారతీయ సిపాయిల పేర్లు చెక్కలేదు, పటాలం కింద ఇంతమంది అని సంఖ్య వేశారు. 2021లో కమిషన్ వేయించిన విచారణే ఈ వివక్షను ఒప్పుకుంది. కనీసం 1,16,000 మందికి పేరుతో గానీ, అసలు ఏ రూపంలో గానీ స్మరణ లేదని తేల్చింది. వాళ్లలో ఎక్కువమంది ఆఫ్రికా, ఆసియా బిడ్డలే. కమిషన్ క్షమాపణ చెప్పింది.

కాబట్టి జాబితాలో పేరు కనబడకపోతే మీ తాత వెళ్లనే లేదని అనుకోకండి. సర్వీసుకు, మరణానికి ఆధారాలు చూపిస్తే పేరు చేర్చమని ఇప్పటికీ అడగవచ్చు. ఆ ఆధారం ఒక్కోసారి పింఛను కాగితమే. ఇంటికెళ్లాక మీ నానమ్మను, అమ్మమ్మను కూర్చోబెట్టి అడగండి: ఆయన పోయాక పింఛను ఎవరికి వచ్చేది, ఏ ఊళ్లో తీసుకునేవాళ్లు, ఆ కాగితం ఇప్పుడు ఎవరి దగ్గరుంది?