అమ్మ కంచంలో ఏముంది?

ఖైరతాబాద్‌లో జరిగిన ఆరోగ్య అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం



ఈ రోజు నన్ను పౌష్టికాహారం గురించి మాట్లాడమన్నారు. మొదలుపెట్టే ముందు మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. జవాబు పైకి చెప్పనక్కరలేదు, మనసులో చెప్పుకోండి చాలు. నిన్న రాత్రి మీ ఇంట్లో అందరికంటే చివర తిన్నది ఎవరు? వారు కూర్చునే సమయానికి కూర ఎంత మిగిలింది?

చాలా ఇళ్లలో జవాబు ఒక్కటే. చివర తిన్నది అమ్మ, లేదా కోడలు. అన్నం మిగిలింది, కూర గిన్నె ఖాళీ అయింది. పచ్చడితోనో, మజ్జిగతోనో సరిపెట్టుకున్నారు. "నాకు ఆకలిగా లేదులే" అని కూడా అనే ఉంటారు. ఇంత చిన్న విషయానికీ, ఇరవై ఏళ్ల తరువాత వచ్చే జబ్బులకూ సంబంధం ఉందంటే మీరు నమ్ముతారా? దాని గురించే ఈ రోజు మాట్లాడుకుందాం.

ఒకే ఇంట్లో రెండు జబ్బులు

ఓ.పి.లో మాకు తరచుగా కనిపించే కుటుంబం ఇలా ఉంటుంది. భర్తకు నలభై ఏళ్లు, ఆటో నడుపుతాడు. పొట్ట పెరిగింది, షుగరు వచ్చింది. భార్యకు ముప్ఫై ఏళ్లు కూడా నిండలేదు. మెట్లు ఎక్కితే ఆయాసం, ఎప్పుడూ నీరసం. రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 8 గ్రాములే ఉంటుంది. అతనికి తిండి ఎక్కువైంది, ఆమెకు తక్కువైంది అని మనం అనుకుంటాం. కాని ఇద్దరి కంచాలూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటిలోనూ తెల్లన్నం గుట్టలా ఉంటుంది. పప్పు, కూర, ఆకుకూర ఒక మూలకు ఉంటాయి. పండు అసలే ఉండదు. లోపం ఇద్దరిదీ ఒక్కటే.

ఇది ఏదో ఒక ఇంటి కథ అనుకోకండి. 2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, తెలంగాణలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉంది. అదే సర్వేలో, నూటికి 30 మంది స్త్రీలు ఉండవలసిన దానికంటే ఎక్కువ బరువున్నారని తేలింది. ఆరు నెలలు దాటి ఐదేళ్లు నిండని పిల్లలలో నూటికి 70 మందికి రక్తం తక్కువగా ఉంది.

మన నగరంలోనే ఉన్న పరిశోధనాలయం

తార్నాకలో, ఉస్మానియా విశ్వవిద్యాలయం దగ్గర జాతీయ పోషకాహార సంస్థ ఉంది. మనలో చాలామంది బస్సులో దాని ముందు నుండి వెళ్లి ఉంటారు. ఈ సంస్థ 1918లో నీలగిరి కొండల్లోని కూనూరులో, ఒక్క గదిలో మొదలైంది. డాక్టర్ రాబర్ట్ మెక్‌కారిసన్ అక్కడ బెరిబెరి అనే జబ్బు మీద పరిశోధన ప్రారంభించారు. కాళ్లు తిమ్మిరెక్కి, ఒళ్లు వాచి, గుండె బలహీనపడే జబ్బు అది. మన తెలుగు కోస్తా జిల్లాలలో అప్పట్లో ఎక్కువగా ఉండేది. మిల్లులో బాగా పాలిష్ పట్టిన బియ్యం మీదే ఆధారపడినవారికి అది వచ్చేది. ఎందుకంటే తవుడుతో పాటు బి1 విటమిన్ పోతుంది. మిగిలిన కొంచెం కూడా బియ్యాన్ని పదేపదే కడిగి, గంజి వార్చి పారబోస్తే పోతుంది.

1958లో ఈ సంస్థ హైదరాబాదుకు వచ్చింది. 1969లో దానికి ఇప్పటి పేరు వచ్చింది. ఇక్కడికి వచ్చాక శాస్త్రవేత్తలు మరొక జబ్బును చూశారు. జొన్నలు తప్ప మరేదీ దొరకని పేదలకు చర్మం నల్లబడి పగిలిపోయేది, విరేచనాలు పట్టుకునేవి, మతి కూడా చలించేది. దాని పేరు పెల్లాగ్రా. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే పదార్థం శరీరంలో ఒక బి విటమిన్‌కు అడ్డు పడుతుందని 1960లో డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకంఠయ్య ప్రతిపాదించారు.

ఈ రెండు జబ్బులూ ఇప్పుడు మనకు అరుదు. కాని అవి నేర్పిన పాఠం మాత్రం పాతబడలేదు. తెల్ల బియ్యమైనా సరే, జొన్నలైనా సరే, ఒక్క ధాన్యం మీదే బ్రతికితే శరీరం దెబ్బతింటుంది. ఈ రోజుల్లో చిరుధాన్యాలు మంచివని అందరూ అంటున్నారు, మంచివే. కాని రొట్టె పక్కన పప్పు, కూర లేకపోతే ఆ మంచి సగమే అందుతుంది.

ఉప్మా పెట్టిన గ్రామాలు

ఇప్పుడు మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్న పరిశోధన. హైదరాబాదుకు దగ్గరలోని 29 గ్రామాలలో 1987 నుండి 1990 వరకు జాతీయ పోషకాహార సంస్థ వారు ఒక అధ్యయనం చేశారు. వాటిలో 15 గ్రామాలలో అప్పటికే అంగన్‌వాడీ పథకం మొదలైంది. 14 గ్రామాలకు ఇంకా రాలేదు. పథకం ఉన్న గ్రామాలలో గర్భిణీ స్త్రీలకు, ఆరేళ్లలోపు పిల్లలకు ప్రతిరోజూ మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో ఉప్మా వండి పెట్టారు. గర్భిణికి రోజుకు సుమారు 20 గ్రాముల మాంసకృత్తులు అదనంగా అందేవి. దానితో పాటు టీకాలు, ఇతర ఆరోగ్య సేవలు కూడా అందాయి.

ఆ పిల్లలు పెరిగి పెద్దవారయ్యారు. 2003 నుండి 2005 మధ్య, వారికి 13 నుండి 18 ఏళ్ల వయసున్నప్పుడు, పరిశోధకులు మళ్లీ ఆ గ్రామాలకు వెళ్లి 1,165 మందిని పరీక్షించారు. ఉప్మా తిన్న గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు ఉన్నారు. వారి రక్తనాళాలు మరికొంత మెత్తగా ఉన్నాయి. షుగరు వ్యాధికి దారి తీసే ఇన్సులిన్ నిరోధకత వారిలో సుమారు 20 శాతం తక్కువగా ఉంది. రక్తపోటులో, రక్తంలోని కొవ్వులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఈ ఫలితాలు 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి.

ఇదంతా ఒక్క ఉప్మా మహిమ అని నేను చెప్పను. టీకాలు, ఆరోగ్య సేవలు కూడా కలిసి పనిచేశాయి. కాని ఒక సంగతి ఆలోచించండి. అది ఖరీదైన మందు కాదు, విదేశీ పొడి కాదు. కడుపుతో ఉన్న తల్లికీ, చిన్న బిడ్డకూ రోజూ క్రమం తప్పకుండా దక్కిన ఒక పూట తిండి. దాని గుర్తు పదిహేనేళ్ల తరువాత కూడా ఆ బిడ్డ శరీరంలో కనిపించింది. అందుకే మొదట అడిగాను, అమ్మ కంచంలో ఏముంది అని.

కంచం ఎలా సర్దుకోవాలి?

జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయులకు ఆహార సూచనలను కొత్తగా సవరించి ఇచ్చింది. శరీర శ్రమ అంతగా లేని, రోజుకు 2000 కేలరీలు అవసరమయ్యే వ్యక్తికి వారు చెప్పిన లెక్క ఇది: ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, పల్లీలు, నువ్వుల వంటి గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు. వండక ముందు తూచిన లెక్క ఇది. పొద్దున తిన్న ఇడ్లీలోని రవ్వ, సాయంత్రం చపాతీలోని పిండి కూడా ఆ పావుకిలో ధాన్యంలోకే వస్తాయి.

ఇంట్లో రోజూ తూకం వేయలేం కదా. అందుకని మూడు గుర్తులు చెబుతాను.

మొదటిది, కంచం. సగం కంచం కూర, ఆకుకూర, పండు ఉండాలి. మిగిలిన సగంలో అన్నం, పప్పు సర్దుకోవాలి. మనం ఇప్పుడు దీన్ని తిరగేసి తింటున్నాం.

రెండవది, నూనె డబ్బా. నలుగురు పెద్దవారున్న ఇంటికి నెలకు సుమారు మూడున్నర లీటర్లు చాలు. అంతకంటే ముందే డబ్బా ఖాళీ అవుతుంటే వేపుళ్లు, బజ్జీలు ఎక్కువవుతున్నాయని అర్థం. ఒకసారి మరిగించిన నూనెను పదేపదే వాడకండి.

మూడవది, ఉప్పు ప్యాకెట్. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకు 5 గ్రాముల లోపే వాడమంటోంది. అంటే నలుగురికి నెలకు 600 గ్రాములు. కిలో ప్యాకెట్ నెల తిరగక ముందే అయిపోతే ఎక్కువ తింటున్నట్లే. ఊరగాయ, అప్పడాలు, బజారు చిరుతిళ్లలోని ఉప్పు ఈ లెక్కకు అదనమని మరచిపోకండి.

"ఇవన్నీ కొనాలంటే డబ్బులెక్కడివి?" అని అక్కలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. పప్పు ధర నాకూ తెలుసు. ఎర్రగడ్డ రైతు బజారుకు వెళ్లినప్పుడు ఆ కాలంలో చవకగా దొరికే కూర తీసుకోండి. తోటకూర, పాలకూర, గోంగూర, మునగాకు ఖరీదైనవి కావు. ఆపిల్ బదులు జామకాయ కొనండి. శనగలు, బొబ్బర్లు, గుడ్డు కూడా మాంసకృత్తులే. ఇంటికి వచ్చే శీతల పానీయాలు, చిప్స్, బేకరీ సరుకుల డబ్బు ఒక నెల కాగితం మీద రాసి చూడండి. కూరగాయల డబ్బు చాలావరకు అక్కడే కనిపిస్తుంది.

అమీర్‌పేట హాస్టళ్లలో ఉండి చదువుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు కూడా ఇక్కడ ఉన్నారు. మీ వంట మీ చేతిలో లేదు, నిజమే. కాని గుప్పెడు పల్లీలు, ఒక ఉడికించిన గుడ్డు, ఒక అరటిపండు మీ చేతిలోనే ఉన్నాయి. పొద్దున టిఫిన్ మానేసి, టీ, బిస్కట్లతో మధ్యాహ్నం దాకా గడపకండి.

గర్భిణులకు, చిన్నపిల్లల తల్లులకు

గర్భిణులు నాల్గవ నెల నుండి 180 రోజులు, ప్రసవం తరువాత మరో 180 రోజులు రోజుకొక ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకోవాలి. మాత్ర వేసుకుంటే మలం నల్లగా వస్తుంది, భయపడకండి. అన్నం తినగానే టీ, కాఫీ తాగకండి. అవి ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. గంటసేపు ఆగండి. ఆకుకూర మీద నిమ్మరసం పిండుకుంటే ఇనుము బాగా పడుతుంది.

మీ బస్తీ అంగన్‌వాడీలో పేరు నమోదు చేయించుకోండి. 2015 జనవరి 1న తెలంగాణలో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం గర్భిణులకు, బాలింతలకు ఒక పూట పూర్తి భోజనం, గుడ్డు, పాలు ఇవ్వడానికి ఉద్దేశించినది. అక్కడికి వెళ్లడం నామోషీ అనుకోకండి. అది మీ హక్కు. అత్తగార్లకు ఒక మనవి. కోడలు అంగన్‌వాడీలో తిని వచ్చిందని ఇంట్లో ఆమె వాటా తగ్గించకండి.

బిడ్డకు ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలి. నీళ్లు కూడా అవసరం లేదు. తరువాత పాలు ఇస్తూనే మెత్తగా చిదిమిన పప్పన్నం, ఆకుకూర, గుడ్డు మెల్లగా అలవాటు చేయాలి. పలుచని పప్పు నీళ్లతో కడుపు నిండినట్లు ఉంటుంది గాని బలం రాదు.

షుగరు, బి.పి., మూత్రపిండాల జబ్బు ఉన్నవారు పైన చెప్పిన కొలతలను డాక్టరు గారిని అడిగి తమకు తగినట్లు మార్చుకోవాలి. నా మాట విని మందులు మాత్రం ఆపకండి.

ఇక ముగిస్తాను. ఈ రోజు చెప్పిన లెక్కలన్నీ మరచిపోయినా ఫరవాలేదు. ఈ రాత్రి ఒక్క పని చేయండి. వంట కాగానే, ఎవరూ కూర్చోక ముందే, అమ్మకు రావలసిన కూర, పప్పు వేరే గిన్నెలో తీసి మూత పెట్టండి. వీలైతే అందరూ కలిసి కూర్చుని తినండి. రేపు, ఎల్లుండి కూడా అలాగే చేయండి. దానికి పైసా ఖర్చు లేదు. కడుపుతో ఉన్న కోడలు ఉన్న ఇంట్లో అయితే, ఆ గిన్నె రేపు పుట్టబోయే మీ మనవడికో, మనవరాలికో మీరు దాచిపెడుతున్న ఆస్తి.