యంత్రము మాట నేర్చిన దారి



కృత్రిమ మేధనుగూర్చి నాలుగు మాటలు చెప్పమని సంఘమువారు మా సాయంకాలపు తెలుగు తరగతిని కోరినారు. మేము శాస్త్రజ్ఞులము కాము, బడిపంతుళ్లము. కనుక ఈ యంత్రము ఎట్లు నేర్చుకొన్నది అన్న సంగతినే ఎంచుకొన్నాము.

మనిషి బుద్ధితో చేసే పనులను యంత్రముచేత చేయించుటయే కృత్రిమ మేధ. యంత్రములు ఆలోచించగలవా అని 1950లో ఇంగ్లండు దేశీయుడు ఆలన్ ట్యూరింగ్ ఒక వ్యాసములో విచారించినాడు. 1956 వేసవిలో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో కొందరు పండితులు కూడి ఈ విద్యకు పునాది వేసినారు. వారిలో ఒకరైన జాన్ మెకార్తీ దీనికి పేరు పెట్టినాడు.

భాష నేర్చుటకు రెండు దారులున్నవి. ఒకటి మా తరగతి దారి: అక్షరములు, గుణింతములు, విభక్తులు. రెండవది అమ్మమ్మ ఒడి. అక్కడ సూత్రములు లేవు. వినగా వినగా మాట తానే వస్తుంది. యంత్రమునకు కూడ ఈ రెండు దారులే దొరికినవి.

మొదట చాలాకాలము పండితులు ఎక్కువగా మొదటి దారినే నమ్మినారు. ఇట్లుంటే ఇట్లు చేయుమని నియమములు వ్రాసి ఇచ్చినారు. చిన్న పనులకు అవి చాలినవి, లోకవ్యవహారమునకు చాలలేదు. 1973లో బ్రిటనులో లైట్‌హిల్ నివేదిక ఈ విద్యను గట్టిగా విమర్శించినది. అక్కడ ప్రభుత్వ సహాయము తగ్గిపోయినది.

ఆ రోజులలోనే మన తెలుగువాడొకరు యంత్రమునకు చెవి నిచ్చే పనిలో ఉన్నారు. ఆయన రాజ్ రెడ్డిగారు. 1937లో చిత్తూరు జిల్లా కాటూరు గ్రామములో పుట్టి, మదరాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, అమెరికా చేరి మెకార్తీవద్ద శిష్యరికము చేసినారు. మాట మాటకు ఆగకుండ మనము మాటలాడితే యంత్రము గుర్తుపట్టేటట్లు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో కృషి చేసినారు. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ బహుమానము పొందినారు. పిల్లలారా, ఈ పేరు జ్ఞాపకముంచుకోండి.

రెండవ దారి కూడ 1950లనాటిదే. అయితే దానికి కావలసిన గొప్ప కంప్యూటర్లు, లెక్కలేనన్ని ఉదాహరణలు తరువాతనే సమకూడినవి. 2012లో బొమ్మలను గుర్తించే పోటీలో ఆ దారి గెలిచినది. 2017లో గూగుల్ పరిశోధకులు ట్రాన్స్‌ఫార్మర్ అనే పద్ధతిని తెలిపినారు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినది. దాని పని ఏమిటి? మేము “అన్నం” అంటే మీరు “తిన్నావా” అని పూరిస్తారు గదా. కోట్లకొలది వాక్యములు చదివి, తరువాత రాదగిన మాటను అదీ అట్లే పూరిస్తుంది. అందుచేతనే కొన్నిసార్లు తప్పును కూడ ధైర్యముగా చెబుతుంది. సరిచూచుకొనుట మన పని.

ఇక్కడ మన ఇంటి సంగతి వస్తుంది. యంత్రము ముఖ్యముగా వ్రాతలో ఉన్నదానినే నేర్చినది. మన తాతలు మలయా రబ్బరు తోటలకు, కొబ్బరి తోటలకు తెచ్చిన తెలుగు చాలావరకు నోటిలోనే ఉన్నది. మలాయి మాట, తమిళ మాట కలిసిన మన ఇంటి పలుకు కాగితము మీద ఎంత ఉన్నది? మన మనుమలు రేపు యంత్రమును అడిగితే మంచి తెలుగే చెప్పవచ్చును. అయితే అది మన అవ్వ తెలుగు కాదు. ఆమె పోయిన తరువాత ఆ మాటను ఎవరిని అడుగుతాము?

కనుక ప్రతి కుటుంబమును ఒకటి కోరుచున్నాము. ఇంటి పెద్దవారి అనుమతి తీసుకొని, ఒక గంటసేపు వారి మాటలను సెల్‌ఫోనులో పట్టండి. నాట్ల పాట, వంట పేరు, తోటలో పని కబురు, ఏదైనను సరే. ఎవరు, ఏ తోట, ఏ సంవత్సరము అని చెప్పించండి. పిల్లలు దానిని తెలుగు అక్షరములలో వ్రాసి మా తరగతికి తీసుకొనిరావలెను. వర్ణక్రమము మేము దిద్దుతాము, పెద్దవారి మాటను మాత్రము మార్చము. వ్రాసినదానిని యంత్రమునకు ఇచ్చుటా, ఇంటిలోనే దాచుకొనుటా అన్నది ఆ కుటుంబము ఇష్టము. ముందు అది వ్రాతలో ఉండవలెను.