చదువులో దిగులు



కళాశాలలలో చదువు పిల్లల మనఃక్షేమమును గూర్చియు, వారికి చదువు చెప్పువారి మనఃక్షేమమును గూర్చియు నాలుగు మాటలు విన్నవింప దలచితిని. నేను వైద్యుడను గాను. నందిగామ ప్రాంతమున చిరకాలము తెలుగు పాఠములు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. పిల్లల ముఖములు చూచి లోపలి సంగతి కొంత ఊహించుట మాత్రము వృత్తివలన అలవడినది.

మా నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములు 2022 ఏప్రిలు 4వ తేదీ నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి గాని, పెద్దల నోట నేటికిని అవి కృష్ణాజిల్లా మెట్టసీమయే. వానను నమ్మియు, చివరి భూములకు చేరునో చేరదో తెలియని సాగరు కాలువను నమ్మియు ప్రత్తి, మిరప పండించు రైతులు ఇచ్చట పెక్కుమంది. పదవ తరగతి ముగియగానే ఈ రైతు తన బిడ్డను విజయవాడకో హైదరాబాదుకో పంపును. ఆ రెండు నగరములను కలుపు జాతీయ రహదారి మా యూళ్ల మీదుగనే పోవుచున్నది. మిరపకు ధర పలికిన యేడు రుసుము సుఖముగా చెల్లును. పలుకని యేడు వడ్డీకి తెచ్చును, లేదా ఎకరము తాకట్టు పెట్టును. "ఇదంతయు నీ కొరకే గదరా!" అని తండ్రి ప్రేమతోనే పలుకును. ఆ మాట బాలుని నెత్తిన మూటయై కూర్చుండును. తరువాత నెప్పుడో "ఈ చదువు నా వలన గాదు నాన్నా" అని చెప్పవలసివచ్చినపుడు వానికి నోరు పెగలదు. పోవుటకు బస్సు దొరకినది. తిరిగివచ్చుటకు దారి కనబడదు. మా ప్రాంతపు పిల్లల దిగులునకు ముఖ్యకారణ మిదియే యని నా నమ్మకము. భౌతిక, రసాయన శాస్త్రముల కష్టము దీని తరువాతిదే.

ఇది చిన్న విషయము గాదు. జాతీయ నేర నమోదు సంస్థ వారి లెక్క ప్రకారము 2022లో మన దేశమున 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసికొనిరి. 2019 ఏప్రిలులో తెలంగాణమున ఇంటర్మీడియేటు ఫలితములు వెలువడిన పిమ్మట ఇరువదిమందికి పైగా పిల్లలను పోగొట్టుకొంటిమి. ఆ ఫలితములలోనే ఒక బాలికకు తెలుగున సున్న వచ్చినదని ప్రకటించి, పత్రము మరల చూడగా 99 అని తేలినది. తెలుగు పత్రములు దిద్దినవాడనగుటచేత ఈ సంగతి విన్ననాడు నాకు అన్నము సహింపలేదు. ఒక అంకెను నమ్మి బిడ్డ విలువ కట్టరాదనుటకు ఇంతకు మించిన నిదర్శన మేమి కావలెను?

మనోవ్యాధి యన్నది పట్టణములవారి మాట యనియు, మన పెద్దలకు ఇట్టి జబ్బులు లేవనియు కొందరందురు. వారు చరకసంహితను చూచినట్లు లేదు. చరకుడు చికిత్సను మూడు విధములుగా విభజించి, అందొకదానికి సత్త్వావజయ మని పేరు పెట్టెను. మనస్సును అహితమైన విషయములనుండి మరలించుటయే ఆ చికిత్స. వైద్యుడు శరీరముతోబాటు మనస్సునుగూడ చూడవలెనని మనవారికి ఏనాడో తెలియును.

భగవద్గీతను నిత్యము పారాయణ చేయువారైనను ఒక విశేషమును గమనింపరు. ప్రథమాధ్యాయమున అర్జునుడు నోరెండుచున్నదనియు, ఒడలు వణకుచున్నదనియు ఏకరువు పెట్టుచుండగా శ్రీకృష్ణుడు నడుమ ఒక్క మాటయు అడ్డు చెప్పలేదు. రెండవ అధ్యాయారంభమున పౌరుషము గుర్తుచేసి మందలించెను. ఆ మందలింపుతో పని జరగలేదు! అర్జునుడు మరల తన గోడు చెప్పుకొని, యుద్ధము చేయనని ఊరకుండెను. అటుపిమ్మట గదా ఉపదేశము! మనమో, బిడ్డ నోరు తెరవకమునుపే పదునెనిమిది అధ్యాయములు చెప్పివేయుదుము.

నిద్ర పట్టకుండుట, లేదా పగలెల్ల నిద్రించుట, అన్నము ముందు కూర్చుండి కెలుకుచుండుట, స్నేహితులను తప్పించుకొని తిరుగుట, ఇష్టమైన వస్తువులను ఊరక పంచిపెట్టుట, తాను లేకున్న అందరికిని సుఖమని పలుకుట: ఇవి కనబడినపుడు "సోమరితనము" అని తీర్పు చెప్పరాదు. ప్రక్కన కూర్చుండి, చనిపోవలెనను తలంపు వచ్చుచున్నదా యని సూటిగా అడుగవలెను. అడిగినంతమాత్రమున ఆ తలంపు పుట్టదని వైద్యులు చెప్పుచున్నారు. అవునన్న బిడ్డను ఒంటరిగా విడువక వైద్యుని కడకు తీసికొనిపోవలెను.

ఇక అధ్యాపకుల మాట. ప్రయివేటు కళాశాలలలో పలువురు తెల్లవారుజాము మొదలు రాత్రి చదువు గంట ముగియువరకు నిలువుకాళ్లపై నుందురు. వేసవిలో పాఠములు లేవు గదా యని విశ్రాంతి యుండదు. కొత్త పిల్లలను చేర్పించుటకై ఊరూర తిరుగవలెను. తెచ్చిన సంఖ్య తగ్గినచో ఉద్యోగమునకే భయము. అట్టివాడు ఏడ్చు పిల్లవానిని చూచి విసుగుకొన్నచో, విసుగునకు మూలమును వానియందు మాత్రమే వెదకుట న్యాయముగాదు. అధ్యాపకుల దిగులు వినువారుకూడ కళాశాలలో నుండవలెను.

2023లో విశాఖపట్టణమున వైద్యవిద్యా ప్రవేశపరీక్షకు చదువుచుండిన పదునేడేండ్ల బాలిక మరణించినది. ఆ వ్యాజ్యమున 2025 జులై 25న సుప్రీంకోర్టు దేశమంతటికిని వర్తించు ఆదేశములిచ్చెను. నూరుగురు, అంతకు మించిన విద్యార్థులు గల సంస్థలో శిక్షణ పొందిన సలహాదారు ఒక్కరైనను ఉండవలెను. సిబ్బందికి ఏటికి రెండుమారులైన ఈ విషయమున శిక్షణ నీయవలెను. మార్కులనుబట్టి పిల్లలను వేరువేరు తరగతులుగా విడదీయుట, నలుగురిలో అవమానించుట కూడదు. ఆదేశములు మంచివే. సలహాదారు పేరు గోడమీది పలకపై వ్రాసి, ఆ గదికి తాళము వేసిన సంస్థను ఎవరు పట్టుకొందురు? తలిదండ్రులే పట్టుకొనవలెను. రుసుము కట్టబోవునాడు ర్యాంకుల పట్టికతోబాటు ఆ గదిని కూడ చూపుడని అడుగుడు.

కేంద్రప్రభుత్వము వారు 2022 అక్టోబరు 10న టెలి మానస్ అను ఉచిత సహాయమును నెలకొల్పిరి. 14416 సంఖ్యకు ఫోను చేసినచో రేయింబవళ్లు మాటాడువారు కలరు, తెలుగులో చెప్పుకొనవచ్చును. అయితే పెక్కు వసతిగృహములలో పిల్లల చేత ఫోను ఉండనీయరు. కావున ఈ సంఖ్యను నోటుపుస్తకపు అట్టమీద వ్రాసియిచ్చి, అవసరమైన వేళ ఎవరి ఫోనునుండి మాటాడనిత్తురో వార్డెనును ముందుగనే అడిగి, బిడ్డ యెదుటనే ఒప్పించి రండు.